సివిల్ ప్రాక్టీసు చేసేవాళ్లు చట్టం కాక ఇంకేం నేర్చుకుంటే పనికొస్తుంది?

తెనాలి ప్లీడరు అడిగిన ప్రశ్న

మొత్తం సివిల్ వైపే ప్రాక్టీసు. పార్టిషన్, ఇంజంక్షన్, ప్రోనోటు దావాలు, కొన్ని ఈపీలు (డిక్రీ అమలు పిటిషన్లు), అప్పుడప్పుడూ మనోవర్తి కేసులు. సెక్షన్లతో, సైటేషన్లతో ఇబ్బంది లేదు. కేసు చట్టం గట్టు దాటి పక్క చేలో అడుగుపెట్టిందంటే మాత్రం చేతులు కట్టేసినట్టు ఉంటోంది.

ఉదాహరణకి, స్థలం చూసి రమ్మని కోర్టు పంపే అడ్వకేట్ కమిషనర్ వెంట వచ్చిన సర్వేయర్ ప్లాను గీసి ఇస్తాడు. తప్పని క్లయింటు మొత్తుకుంటాడు. ఎక్కడ తప్పో చూపించడం మనకు రాదు. అభ్యంతరాల్లో "రిపోర్టు ఏకపక్షంగా ఉంది" అని రాసి ఊరుకుంటాం. భర్త తరఫున బ్యాంకు స్టేట్‌మెంటు వేస్తే పై నుంచి కిందికి చూసి పక్కన పెడతాం. వాట్సాప్ ప్రింట్లు, కాల్ రికార్డింగులు సరేసరి.

అడగదలచినవి మూడు. వీటిలో దేనితో మొదలుపెట్టాలి? నల్సార్ దూరవిద్యలో సైబర్ లాస్ పీజీ డిప్లొమా లాంటిది చేయాలా, సొంతంగా కుదురుతుందా? ఎంత లోతు వరకు వెళ్లాలి? "అన్నీ నేర్చుకో" అనే సలహా మాత్రం వద్దు సార్, రోజుకి గంటకి మించి దొరకదు.

---

గొలుసు లింకు

మీ కేసుల జాబితాకి మొదటిది సర్వే లెక్కే, అనుమానం అక్కర్లేదు. సర్వేయర్ అయిపోనక్కర్లేదు. ఆయన గీసిన కాగితం చదివి, లెక్క మళ్లీ వేసి చూసుకోగలిగితే చాలు. దానికి డిప్లొమా ఎందుకు, హైస్కూలు లెక్కలు, ఒక స్కేలు, కాలిక్యులేటర్ ఉంటే సరి.

ముందు కొలతలు నోటికి రావాలి. ఆంధ్ర వైపు పాత ఎఫ్‌ఎంబీల్లో (సర్వే నంబరు హద్దులు కొలతలతో గీసిన ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్కు) కొలతలు లింకుల్లో ఉంటాయి, మెట్రిక్‌లోకి మారాక వేసినవి మీటర్లలో. గంటర్ గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. అంటే లింకు 0.66 అడుగు. లక్ష చదరపు లింకులు ఒక ఎకరం, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. ఈ చివరి ముక్క గుర్తుంటే మిగతా లెక్క తనే నడుస్తుంది. సెంటుకి 48.4 గజాలు.

ఎఫ్‌ఎంబీలో ప్రతి సర్వే నంబరుకీ పొలం మధ్యగా ఒక బేస్ లైను ఉంటుంది. దాని మీద ఎంత దూరం నడిచాక, ఏ పక్కకి, ఎన్ని లింకులు అడ్డంగా కొలిస్తే హద్దు మూల తగులుతుందో రాసి ఉంటుంది. ఆ అడ్డ కొలతలే ఆఫ్‌సెట్లు. పొలం మొత్తం త్రిభుజాలుగా, ట్రెపీజియంలుగా విడిపోతుంది. ఒక లెక్క వేసి చూద్దాం.

బేస్ లైను 400 లింకులు అనుకోండి. ఎడమ పక్కన 150 దగ్గర 120 లింకుల ఆఫ్‌సెట్, 300 దగ్గర 100 లింకుల ఆఫ్‌సెట్. కుడి పక్కన 200 దగ్గర 160 లింకులది ఒక్కటే.

ఎడమ పక్క: మొదటి త్రిభుజం 150 × 120 ÷ 2 = 9,000. మధ్య ట్రెపీజియం (120 + 100) ÷ 2 × 150 = 16,500. చివరి త్రిభుజం 100 × 100 ÷ 2 = 5,000. కలిపితే 30,500.

కుడి పక్క: రెండు త్రిభుజాలూ 200 × 160 ÷ 2, ఒక్కోటి 16,000. కలిపితే 32,000.

మొత్తం 62,500 చదరపు లింకులు, అంటే 62.5 సెంట్లు, 3,025 గజాలు. అడంగల్‌లో (ఊరి భూముల రెవెన్యూ లెక్క) ఈ నంబరుకి 68 సెంట్లని ఉంటే ఆ అయిదున్నర సెంట్లు ఎక్కడివి అన్నది మీ ప్రశ్న. దస్తావేజులో అమ్మిన విస్తీర్ణం నేల మీద అసలు ఉందా లేదా అన్నది దావా వేయకముందే తెలిసిపోతుంది. "ఆక్రమించాడు" అన్న ఆరోపణల్లో కొన్ని ఇక్కడే తేలిపోతాయి: పక్కవాడు ఆక్రమించలేదు, అమ్మినవాడే లేని భూమి అమ్మాడు.

తెలంగాణ వైపు దస్తావేజులు చేతికి వస్తే ఇంకో ఉచ్చు ఉంది. అక్కడ చుక్క తర్వాత ఉండేవి కుంటలు. 2.20 అంటే రెండెకరాల ఇరవై కుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. మన దగ్గర 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు. వాళ్ల 2.20కి 1.30 కలిపితే 4.10 రావాలి, ఎందుకంటే 40 కుంటలకి ఎకరం. ఎక్సెల్‌లో మామూలు కూడిక వేస్తే 3.50 చూపిస్తుంది. షెడ్యూల్‌లో ఆ 3.50 అలాగే టైపయిపోయి, ఆ మీద కోర్టు ఫీజూ కట్టేసి, వాదనల వరకు ఎవరూ చూడకపోవడం అరుదేమీ కాదు. కుంట అంటే 33 అడుగుల చదరం, 121 గజాలు, రెండున్నర సెంట్లు. అక్కడి టిప్పన్‌లో (పొలం సర్వే పటం) గొలుసు కూడా 33 అడుగులదే, దాన్ని 16 ఆణాలుగా విడగొడతారు. గంటర్ గొలుసు లెక్కలో టిప్పన్ చదివితే దూరాలన్నీ రెట్టింపవుతాయి.

ఇక సర్వేయర్ ప్లానులో తప్పు ఎక్కడ వెతకాలంటే, ముందు మొదలుపెట్టిన చోట. పొలం చుట్టూ ఎంత జాగ్రత్తగా కొలిచినా మొదటి రాయి తప్పయితే ప్లాను మొత్తం పక్కకి జరుగుతుంది. మూడు సర్వే నంబర్లు కలిసేచోట ఉండే ట్రైజంక్షన్ రాళ్లు పట్టుకుని, రెండు రాళ్ల మధ్య దూరం ఎఫ్‌ఎంబీతో సరిపోయిందో లేదో చూశాకే లోపలి హద్దులు కొలవాలి. రాళ్లు కనపడలేదని రోడ్డు అంచు నుంచో, ప్రహరీ గోడ నుంచో, కాలవ గట్టు నుంచో మొదలుపెడతారు. రోడ్డు వెడల్పయి ఉంటుంది, గట్టు జరిగి ఉంటుంది. అన్ని కేసుల్లోనూ నేను ముందు చూడమనేది ఈ ఒక్క వాక్యం: "ఫలానా చోట నుంచి కొలతలు ప్రారంభించితిమి". రిపోర్టులో ఆ వాక్యమే లేకపోతే మీ అభ్యంతరం సగం రాసేసినట్టే.

ఒక నెల పెట్టండి. మీ దగ్గరున్న పాత కట్టల్లోంచి పది ఎఫ్‌ఎంబీలు తీసి, గ్రాఫ్ కాగితం మీద మళ్లీ గీసి, విస్తీర్ణం లెక్కవేసి, ఆర్‌ఎస్‌ఆర్‌లో (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) ఉన్న అంకెతో పోల్చండి. పదోది గీసేసరికి కోర్టు హాల్లో నిలబడే ధైర్యం వచ్చేస్తుంది.

---

పాత కాగితాల పెట్టె

సర్వే గురించి పైన బాగా చెప్పారు. దానికి తోడు కాగితం పుట్టిన తేదీ పట్టుకోవడం నేర్చుకోండి. దీనికి ఫోరెన్సిక్ ల్యాబ్ అక్కర్లేదు, క్యాలెండర్ చాలు. దొంగ కాగితం రాసేవాడు తేదీ వెనక్కి వేస్తాడు, లోపలి సంగతులు వెనక్కి వేయడం మరిచిపోతాడు. దగ్గర ఒక పట్టీ రాసి పెట్టుకోండి:

తెలంగాణ రాష్ట్రం 2014 జూన్ 2 నుంచి. అక్కడ కొత్త జిల్లాలు 2016 అక్టోబర్ 11న వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయింది 2022 ఏప్రిల్ 4న. కాబట్టి 2019 నాటి అగ్రిమెంటులో "పల్నాడు జిల్లా" అని ఉందంటే ఆ కాగితం 2022 తర్వాతే పుట్టింది. జీఎస్టీ 2017 జూలై 1న మొదలైంది, 2016 బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉండే వీల్లేదు. మొదటి ఆధార్ ఇచ్చింది 2010 సెప్టెంబర్‌లో, 2008 నాటి రాజీ పత్రంలో ఆధార్ నంబరు ఉంటే ఇక చెప్పేదేముంది. రూపాయి గుర్తు 2010 జూలైలో ఖాయమైంది. రెండువేల నోటు 2016 నవంబర్‌కి ముందు లేదు. కంప్యూటర్లో కొట్టిన కాగితమైతే అక్షరాల రూపం కూడా చూడండి. పాకిస్తాన్‌లో పనామా పేపర్ల కేసులో 2006 నాటిదని ఇచ్చిన ట్రస్టు డీడు క్యాలిబ్రి ఫాంటులో ఉందని దర్యాప్తు బృందం ఎత్తిచూపింది. ఆ ఫాంటు జనం చేతికి మామూలుగా వచ్చింది 2007 ఆఫీస్‌తో.

తొందరపడి ఎదురుదెబ్బ తినే చోటు కూడా ఉంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. 2015 నాటి లావాదేవీల స్టేట్‌మెంటు మీద యూనియన్ బ్యాంకు పేరు ఉందంటే అది దొంగది కాదు, ఈ మధ్య తీసిన ప్రింటు. కాగితం ఎప్పటిదని చెబుతున్నారు, ప్రింటు ఎప్పుడు తీశారు అన్న రెండు తేదీలూ విడివిడిగా చూడాలి.

పాన్, జీఎస్టీ నంబర్లు చదవడం పది నిమిషాల పని. పాన్‌లో నాలుగో అక్షరం ఆ పాన్ ఎవరిదో చెబుతుంది: 'పి' అంటే మనిషి, 'ఎఫ్' అంటే ఫర్ము, 'సి' అంటే కంపెనీ, 'హెచ్' అంటే హిందూ అవిభక్త కుటుంబం. జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రం (తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37), ఆ తర్వాతి పది అక్షరాలు పానే. "ఆ వ్యాపారం మా బావమరిదిది, నాకు సంబంధం లేదు" అనే భర్త దుకాణం బిల్లు దొరికితే, ఆ పది అక్షరాలు ఆయన ఐటీ రిటర్నులోని పాన్‌తో పోల్చండి. ఒకే పాన్ అయితే క్రాస్‌లో (ఎదుటి సాక్షిని ప్రశ్నించేటప్పుడు) ఒక్క ప్రశ్న చాలు.

బ్యాంకు స్టేట్‌మెంటు చూసే పద్ధతి: ముందటి బ్యాలెన్సుకి జమ కలిపి ఖర్చు తీసేస్తే ఈ వరుస బ్యాలెన్సు రావాలి. ఎక్సెల్‌లో ఒక్క ఫార్ములా పెట్టి కిందికి లాగితే ప్రతి వరుసకీ సున్నా రావాలి. జీతం జమ 58,000ని 38,000గా దిద్దినవాడు ఆ వరుస బ్యాలెన్సు దిద్దుతాడు, కింది వందల వరుసలు దిద్దడు. ఎక్కడ సున్నా కాకుండా 20,000 తేడా వస్తే అక్కడ చెయ్యి పడిందన్నమాట. వరుసను పూర్తిగా ఎత్తేసినా ఇలాగే దొరుకుతుంది. నేరుగా "ఫోర్జరీ" అని అరవకుండా, బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ యాక్టు కింద సర్టిఫై చేసిన కాపీ బ్యాంకు నుంచి తెప్పించమని పిటిషన్ వేయండి.

జీతం స్లిప్పులో చేతికొచ్చే మొత్తం చూసి మోసపోకండి. పీఎఫ్, వృత్తిపన్ను, ఆదాయపు పన్ను తప్పనిసరి కోతలు. వీపీఎఫ్ (ఇష్టపూర్వకంగా కట్టే అదనపు పీఎఫ్), సొసైటీ లోను, చిట్టీ, ఎల్‌ఐసీ ఆ మనిషి ఇష్టంతో పెట్టుకున్నవి. ఆ రెండు రకాలూ విడగొట్టి రెండు మొత్తాలుగా రాసి ఇస్తే జడ్జిగారికీ పని తేలిక. రజనీశ్ వర్సెస్ నేహా (2020) తర్వాత ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ఇద్దరూ వేయాల్సిందే కాబట్టి, ఆ అఫిడవిట్‌లో అంకెకీ ఫారం 16లో అంకెకీ పొత్తు కుదిరిందా అన్నదే మీ క్రాస్.

సిరా వయసు తేల్చడానికి నిపుణుడికి పంపమని పిటిషన్లు వేసే అలవాటుంటే మానుకోండి. అవి చాలావరకు వీగిపోతాయి, నెలలు మాత్రం కరిగిపోతాయి. సంతకం పోలికకి పంపేటప్పుడు వివాద సంతకం నాటి కాలంలోవే ఒప్పుకున్న సంతకాలు, అదీ ఒరిజినల్స్‌లో ఉన్నవి, వెతికి పంపండి. వకాలత్ మీదా, జవాబు దావా మీదా ఉన్నవి కేసు మొదలయ్యాక పెట్టినవి కదా, "కావాలని మార్చి పెట్టాడు" అన్న వాదనకి మనమే తావిచ్చినట్టు అవుతుంది.

---

హాల్ నంబర్ 3

ఇద్దరూ మంచి విషయాలే చెప్పారు గానీ ఒక గీత గీసుకోవాలి. నేర్చుకున్నది చదవడానికి, క్రాస్‌కి. సంతకం పెట్టడానికి కాదు. మీరే టేపు పట్టుకుని పొలం కొలిచి ప్లాను వేసి ఫైల్ చేస్తే, ఆ ప్లానుని రుజువు చేయడానికి బోనెక్కాల్సింది మీరే. సాక్షి అవుతానని తెలిసిన కేసులో వకాలత్ పుచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉంది (ప్రవర్తనా నియమాల్లో 13వది). ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు వేసే హ్యాష్ సర్టిఫికెట్‌లో నిపుణుడి భాగం మీద సంతకం పెట్టినా అంతే. ఇంట్లో కొలుచుకోండి, లెక్క వేసుకోండి, క్లయింటుకి చెప్పండి. కోర్టుకి వెళ్లే కాగితం లైసెన్సు ఉన్న సర్వేయర్‌దో, కమిషనర్‌దో కావాలి.

ఇంకోటి, నేర్చుకున్నాక "ల్యాండ్ సర్వే కన్సల్టెన్సీ" అని బోర్డు పెట్టే ఆలోచన వస్తే 47వ నియమం చదవండి. సొంతంగా వ్యాపారం చేయకూడదు. 36వది ప్రకటనల గురించి.

---

తెనాలి ప్లీడరు

చాలా సంతోషం అందరికీ. ఆ ఆఫ్‌సెట్ల లెక్క రెండు ఎఫ్‌ఎంబీల మీద వేసి చూశా, ఒకటి సరిపోయింది, రెండోది మూడు సెంట్లు తేడా. నా లెక్కే తప్పేమో.

గొలుసు లింకు గారూ, కమిషనర్ పొలానికి వెళ్లకముందే మనం ఏం చేయాలి? రిపోర్టు వచ్చాక అభ్యంతరం రాయడం కన్నా ముందే కట్టడి చేసే మార్గం ఉందా? అలాగే రిపోర్టు వచ్చాక సర్వేయర్‌ని ఏ వరుసలో అడగాలి?

---

గొలుసు లింకు

మూడు సెంట్ల తేడాకి ముందు చూడాల్సింది, ఆ నంబరులో వంకర హద్దు ఏదైనా ఉందా అని. రెండు ఆఫ్‌సెట్ల మధ్య హద్దు వంగి ఉంటే మధ్యలో ఇంకో ఆఫ్‌సెట్ రాసి ఉంటుంది, చిన్న అక్షరాల్లో. జిరాక్సులో అది చెరిగిపోతుంది. సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. 'మీ భూమి' వెబ్‌సైట్‌లో కనిపించేది మీ లెక్కకి పనికొస్తుంది, కోర్టుకి చాలదు.

కమిషనర్ సంగతి. కట్టడి పిటిషన్ నుంచే మొదలవ్వాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డరు 9వ రూలు కింద "స్వాధీనం ఎవరిదో చూసి రమ్మని" అడిగితే సాక్ష్యం సేకరిస్తున్నారని అవతలివాళ్లు అంటారు, పిటిషన్ పోతుంది. "షెడ్యూల్ భూమిని మండల సర్వేయర్ సాయంతో ఎఫ్‌ఎంబీ ప్రకారం గుర్తించి, హద్దులు, తేడాలు ఉంటే కొలతలతో సహా నోట్ చేయమని" అడగాలి.

ఆ తర్వాత వర్క్ మెమో, అంటే ఏమేం చూడాలో, కొలవాలో కమిషనర్‌కి రాసిచ్చే కాగితం. చాలామంది రెండు వాక్యాల్లో ముగిస్తారు. అందులో ఉండాల్సినవి: ఏ సర్వే నంబరుతో పాటు ఏ పక్క నంబర్ల ఎఫ్‌ఎంబీలు కూడా వెంట తేవాలి, ఏ ట్రైజంక్షన్ రాళ్ల నుంచి మొదలుపెట్టాలి, కనీసం మూడు తెలిసిన బిందువులు, రాయి లేకపోతే "లేదు" అని రాసి, దాన్ని ఏ ఏ దూరాలతో మళ్లీ నిలబెట్టారో రాయాలి, నేల మీద దూరం, ఎఫ్‌ఎంబీలో దూరం పక్కపక్కనే పట్టికగా ఇవ్వాలి, పక్క రైతులకి నోటీసు, అక్కడికక్కడే ఇరువైపుల సంతకాలతో కొలతల కాగితం. మీ తరఫున ఒక మనిషి ప్రతి కొలతా విడిగా రాసుకోవాలి. సాయంత్రం ఆఫీసులో కూర్చుని గీసిన ప్లానుకీ పొలంలో రాసుకున్న అంకెలకీ తేడా వస్తే పట్టుకోవడానికి మీ దగ్గర ఉండేది ఆ నోటుబుక్కే.

ఆంధ్రలో రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్శిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. అక్కడ పాత నంబరు ఏ ఎల్‌పీఎంలోకి వెళ్లిందో చూపే కాగితం కూడా వర్క్ మెమోకి జత చేయండి. లేకపోతే దస్తావేజు ఒక భాషా, రికార్డు ఇంకో భాషా మాట్లాడతాయి.

క్రాస్‌లో వరుస ఇలా పెట్టుకోండి. ఎక్కడ మొదలుపెట్టారు? ఆ రాయి పాత సర్వే రాయేనని ఎలా గుర్తుపట్టారు? దాని నుంచి తర్వాతి రాయికి ఎఫ్‌ఎంబీ దూరం ఎంత? నేల మీద ఎంత వచ్చింది? ఇక్కడ ఆగి అంకెలు రాబట్టండి. ఎఫ్‌ఎంబీలో 730 లింకులు ఉంటే 481.8 అడుగులు రావాలి. నేల మీద 478.5 వచ్చిందంటే 3.3 అడుగులు, అంటే అయిదు లింకులు తక్కువ. ఆ అయిదు లింకులు ఎవరి పొలంలోంచి తీశారు? రిపోర్టులో రాశారా? పక్క నంబరు కొలిచారా? కొలవలేదంటే, లోటు పక్కవాడిదో మనదో ఆయనకే తెలియదని రికార్డుకి వచ్చేస్తుంది. అంతటితో ఆపేయాలి. "కాబట్టి మీ ప్లాను తప్పు కదా" అని అడిగితే "కాదు" అంటాడు, సంపాదించింది పోతుంది.

కమిషనర్‌ని సాక్షిగా పిలవడానికి 10వ రూలులో అవకాశం ఉంది, కోర్టు అనుమతి తీసుకోవాలి. సర్వేయర్‌ని కూడా పిలవండి, కొలిచింది ఆయనే కదా.

---

డీవీఆర్

ఎలక్ట్రానిక్ సాక్ష్యం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి. డిప్లొమాలో చట్టం చెబుతారు, అది మీకు వచ్చు. కావాల్సింది ఫైలు చేతులు మారినప్పుడు దానికేమవుతుందన్న తెలివిడి.

2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్. సర్టిఫికెట్‌లో రెండు భాగాలు: 'ఎ' భాగం పరికరం ఎవరి ఆధీనంలో ఉందో వాళ్లు, 'బి' భాగం నిపుణుడు. పరికరం తయారీ, మోడల్, రంగు, సీరియల్ నంబరు, ఐఎంఈఐ (ఫోను గుర్తింపు నంబరు) అడుగుతారు, ఫైలు హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర అనుకోండి. ఎస్‌హెచ్‌ఏ-256 అయితే 64 అక్షరాలు వస్తాయి. ఒక్క చుక్క మారినా మొత్తం మారిపోతుంది. ఫైలు పేరు మార్చినా, వేరే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసినా మారదు. కంప్యూటర్లో సెవెన్-జిప్ ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి తీయొచ్చు.

ఎక్కువగా జరిగే పొరపాటు చెబుతా. క్లయింటు ఫోటోని వాట్సాప్‌లో గుమాస్తాకి పంపుతాడు. గుమాస్తా డౌన్‌లోడ్ చేసి హ్యాష్ తీయిస్తాడు. సర్టిఫికెట్‌లో క్లయింటు ఫోను ఐఎంఈఐ రాస్తారు. వాట్సాప్ ఫోటోని కుదించి పంపుతుంది కాబట్టి ఆ హ్యాష్ క్లయింటు ఫోనులో ఉన్న ఒరిజినల్‌ది కాదు. అవతలివాళ్లు ఫోను తెప్పించి సరిచూడమంటే అక్కడితో కథ కంచికే. ఫోనుని కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి నేరుగా కాపీ చేయండి. ఫోనులో ఉన్నదానికీ, పెన్‌డ్రైవ్‌లో వేసినదానికీ హ్యాష్ తీసి రెండూ ఒకటేనని రాసుకోండి. కాల్ రికార్డింగుని "వినపడటానికి బాగుంటుందని" ఎంపీ3లోకి మార్చడం కూడా ఇదే తప్పు.

చాట్ ఎక్స్‌పోర్ట్ చేస్తే వచ్చేది మామూలు టెక్స్ట్ ఫైలు, నోట్‌ప్యాడ్‌లో ఎవరైనా దిద్దొచ్చు. దాన్నే నమ్ముకోకుండా ఫోను అలాగే ఉంచమనండి, మార్చొద్దనండి, రీసెట్ అసలే వద్దు.

సీసీటీవీ అయితే ఆలస్యం పనికిరాదు. హార్డ్ డిస్క్ నిండగానే పాతది చెరిపేసి కొత్తది రాసేస్తుంది, ఎన్ని రోజులన్నది డిస్కు సైజు, కెమెరాల సంఖ్య బట్టి. నోటీసు వెంటనే పంపండి. కాపీ తీసేటప్పుడు డీవీఆర్ (కెమెరాల రికార్డింగు పెట్టె) తెర మీద గడియారం, పక్కన ఫోను గడియారం రెండూ ఒకే ఫోటోలో వచ్చేలా తీయించండి. డీవీఆర్ గడియారం పావుగంట ముందో వెనకో నడుస్తుండటం మామూలే. ఆ తేడా ముందే రికార్డు చేయకపోతే క్రాస్‌లో అదే మీ మెడకి చుట్టుకుంటుంది.

---

హాల్ నంబర్ 3

మధ్యవర్తిత్వం మాట ఎవరూ ఎత్తలేదు. పార్టిషన్లు చేసేవాళ్లకి అది అదనపు విద్య కాదు, సగం పని. సుప్రీంకోర్టు మీడియేషన్ కమిటీ పద్ధతి ప్రకారం శిక్షణ 40 గంటలు, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడిగితే తర్వాతి బ్యాచి ఎప్పుడో చెబుతారు. 2023 మీడియేషన్ చట్టం ప్రకారం, పార్టీలు ఒప్పుకుంటే తప్ప, మధ్యవర్తిగా కూర్చున్న వివాదంలో తర్వాత ఒక పక్షం వకీలుగా నిలబడకూడదు. అది చూసుకుని ఒప్పుకోండి.

మధ్యవర్తిగా వెళ్లకపోయినా రాజీ పత్రం రాయడం మాత్రం నేర్చుకోవాలి. "ఇరువురూ చెరిసగం తీసుకొనుటకు అంగీకరించిరి" అని రాసిన రాజీ అమలుకి వెళ్లేసరికి మళ్లీ దావా అంత అవుతుంది. ప్లాను జత చేసి ఎ, బి, సి, డి మూలలు కొలతలతో రాయండి. లోపలి చేనుకి బండి దారి ఎన్ని అడుగులు, బోరు ఎవరిది, కరెంటు సర్వీసు ఎవరి పేరున ఉంటుంది, నీళ్ల వంతులు, ఒరిజినల్ దస్తావేజులు ఎవరి దగ్గర, స్టాంపు ఖర్చు ఎవరిది, ఖాళీ చేసే తేదీ. రైతుల గొడవలు నిజానికి ఈ దారి, బోరు దగ్గరే మళ్లీ పుడతాయి, వాటాల దగ్గర కాదు. దావా షెడ్యూల్‌లో లేని స్థిరాస్తిని రాజీలోకి తెస్తే రిజిస్ట్రేషన్ కావాలి, రిజిస్ట్రేషన్ చట్టం 17(2)(vi) చూడండి. పార్టిషన్ ఫైనల్ డిక్రీకి స్టాంపు కాగితాలు దాఖలు చేయాలన్నది క్లయింటుకి ముందే చెప్పకపోతే ఆ రోజు మీ మీద విరుచుకుపడతాడు.

---

తెనాలి ప్లీడరు

సర్టిఫైడ్ కాపీలో చూశా. జిరాక్సులో కనపడని ఆఫ్‌సెట్ ఒకటి ఉంది, 260 దగ్గర 38 లింకులు. అది కలిపి వేస్తే తేడా అర సెంటుకి దిగింది. ఈ వారం పక్క నంబర్ల ఎఫ్‌ఎంబీలకి దరఖాస్తు పెడుతున్నా. నాలుగు దిక్కులా తీసుకోవాలా, వివాదం ఉన్న తూర్పు పక్కది ఒక్కటీ చాలా?

---

గొలుసు లింకు

నాలుగూ తీసుకోండి. తూర్పున తగ్గిన అయిదు లింకులు ఒక్కోసారి పడమట ఎక్కువగా కనపడతాయి. మూలల్లో కలిసే నంబర్లు విడిగా ఉంటే అవి కూడా, ట్రైజంక్షన్ దూరాలు వాటిలోనే ఉంటాయి. గ్రామపటం కూడా ఒకటి తీసుకోండి, దాని స్కేలు ఏమిటో చూసి పైన పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి.